డెబ్భై ఎనిమిది డిగ్రీలు

మా ఫ్యాక్టరీలో మార్పును నిషేధిస్తూ వచ్చిన సర్క్యులర్‌ని టైపు చేసింది నేనే. కాబట్టి ఈ గొడవలో నా పాపం కూడా ఎంతో కొంత ఉంది. ముందే చెప్పేస్తే తరవాత మీరు అడగాల్సిన పని ఉండదు.

నా పేరు హైమావతి. తూర్పుతీర తారు ఉత్పత్తుల సంస్థలో టెక్నికల్ సెక్షన్ అసిస్టెంటుని. పేరు చూసి మరీ పెద్ద సంస్థ అనుకోకండి. మేం చేసేది కలరా ఉండలు. మీ బీరువాలో పట్టుచీరల మడతల్లో తెల్లగా దాక్కునేవి, హోటళ్లలో చేతులు కడుక్కునేచోట సగం అరిగి కనిపించేవి అవే. తారులోంచి తీసిన నాఫ్తలీన్‌ని ఒక పెద్ద ట్యాంకులో ఆవిరితో కరిగిస్తాం. కరిగిన సరుకు రోడ్డు కింద పాతిన రెండు వందల మీటర్ల పైపులోంచి అవతలి షెడ్డుకి పోతుంది. అక్కడ అచ్చుల్లో పోసి ఉండలు చేస్తారు. రెండు వందల మంది ఆ పైపు మీద బతుకుతున్నాం. మా ఇళ్లలో బట్టలకి పురుగు పట్టిన దాఖలా లేదు. చుట్టాలు కూడా కొంచెం దూరంగానే కూర్చుంటారు.

నా ముఖ్యమైన పని మీటింగులకి మినిట్స్ రాయడం. అంటే పెద్దవాళ్లు అన్న మాటల్ని, వాళ్లు అని ఉండాల్సిన మాటలుగా మార్చి రాయడం. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఒక్కరూ తప్పు పట్టలేదు.

హెడ్డాఫీసులో ఒక పెద్దాయన రెండు రోజుల శిక్షణకి వెళ్లి వచ్చాడు. మా కష్టాలన్నీ ఎప్పుడూ అలాగే మొదలవుతాయి. ఆయన తిరిగొచ్చిన మర్నాడే ఉత్తరువు దిగింది. "అన్ని యూనిట్లయందును ఉత్పత్తి ప్రక్రియను గణాంకశాస్త్ర రీత్యా నిరంతరము పర్యవేక్షించి, ఏ స్వల్ప మార్పు సంభవించినను తత్‌క్షణమే కనిపెట్టి, కారణమును నిర్ధారించి, పూర్వస్థితిని పునరుద్ధరించవలెను." పూర్వస్థితి బాగుందా లేదా అన్న ప్రశ్న ఆ ఉత్తరువులో లేదు. శిక్షణ మూడో రోజు కూడా ఉండి ఉంటే ఆ సంగతి చెప్పేవారేమో.

మా జనరల్ మేనేజర్ కరుణాకరంగారు ఉత్తరువు చదివి చాలా సంతోషించారు. ఆయన నిజంగా మంచిమనిషి. ఆయనకున్న భయం ఒక్కటే, తన హయాంలో ఏదైనా జరుగుతుందేమోనని. ఏమీ జరక్కుండా చూసే యంత్రం వస్తోందంటే ఆయనకి పండగే మరి.

యంత్రంతోపాటు హైదరాబాదు నుంచి డాక్టర్ నిరంజన్ అని ఒక కన్సల్టెంటు వచ్చాడు. వయసు చిన్నదే, చదువు మాత్రం కొండంత. మొదటి మీటింగులో తెర మీద మూడు గీతలు గీసి చూపించాడు.

"సింపుల్ సార్. మీ ప్లాంట్ మామూలుగా ఎలా ఉంటుందో పాత రికార్డుల నుంచి కంప్యూటర్ నేర్చుకుంటుంది. మధ్య గీత మామూలు. పైన ఒక గీత, కింద ఒక గీత. రీడింగు ఈ రెండిటి మధ్య ఉంటే పచ్చ రంగు. దాటిందా, ఎర్ర రంగు. అంటే ఏదో మారింది."

"మంచి మార్పయితేనో?" అని ఎవరో అడిగారు.

"కంప్యూటర్‌కి మంచీ చెడూ తెలీవండీ. మారిందా లేదా, అంతే."

"మాకూ అంతే," అన్నారు కరుణాకరంగారు.

పాత రికార్డులు కావాలన్నాడు గదా అని స్టోరులోంచి పందొమ్మిదేళ్ల లాగ్ పుస్తకాలు గోనె సంచుల్లో మోయించారు. రోజుకి పన్నెండుసార్లు, రెండు గంటలకోసారి, ట్యాంకు వేడి ఎంతుందో ఆపరేటర్లు అందులో రాస్తారు. ముగ్గురు అమ్మాయిలు నెలన్నర కూర్చుని ఆ ఎనభై మూడు వేల అంకెలూ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఫలితం చూసి డాక్టర్ నిరంజన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"సార్, నేను జర్మనీ ప్లాంట్లు చూశాను, జపాన్ ప్లాంట్లు చూశాను. ఇంత స్థిరమైన ప్రాసెస్ ఎక్కడా చూళ్లేదు. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా డెబ్భై ఏడు కంటే తగ్గలేదు, డెబ్భై తొమ్మిది దాటలేదు. సగటు సరిగ్గా డెబ్భై ఎనిమిది!"

"మా సిబ్బంది క్రమశిక్షణ అలాంటిది," అన్నారు కరుణాకరంగారు. ఆ క్రమశిక్షణ సంగతి ఆయనకీ అప్పుడే తెలిసింది.

"ఇంకో అద్భుతం ఉంది. ఏటా మే పద్నాలుగున రోజంతా డెబ్భై తొమ్మిదే. మొదటి రెండేళ్లు వదిలేస్తే, ఒక్క ఏడూ తప్పలేదు. దీని వెనక ఏదో లోతైన భౌతిక కారణం ఉంది. దీనికి నేను 'వైశాఖ ఉష్ణ తరంగం' అని పేరు పెడుతున్నాను."

ఆ రోజు మినిట్స్‌లో నేనా పేరు రెండుసార్లు రాశాను. హెడ్డాఫీసు మమ్మల్ని 'స్థిరత్వ శిరోమణి' అవార్డుకి పరిశీలిస్తున్నామని కబురు పంపింది. కరుణాకరంగారు ఆ ఉత్తరానికి అద్దం కట్టించారు.

తరవాతి సోమవారం ట్యాంకుకి కొత్త డిజిటల్ మీటరు బిగించారు. దాన్ని కంప్యూటర్‌కి కలిపారు. కొబ్బరికాయ కొట్టి, కరుణాకరంగారు స్విచ్చి నొక్కారు.

తెర ఎర్రబడింది. తొంభై రెండు.

డాక్టర్ నిరంజన్ వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. తొంభై రెండు. ఇంకో మీటరు తెప్పించి చూశాడు. అదీ తొంభై రెండే అంది.

"అంటే ప్లాంటు మారిపోయింది సార్," అన్నాడు. "అదీ చాలా తీవ్రంగా. మనం సరిగ్గా సమయానికి పట్టుకున్నాం."

"నా హయాంలోనే!" అన్నారు కరుణాకరంగారు, కుర్చీ వెతుక్కుంటూ.

ట్యాంకు ఆపరేటర్ పోలినాయుడుగారిని పిలిపించారు. యాభై ఏడేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఆ ట్యాంకు పెట్టిన నాటినుంచి దాని దగ్గరే ఉన్నాడు.

"నాయుడూ, ఇవాళ ఏం మార్చావు?"

"నానేటీ మార్చలేదండి బాబూ. నిన్నెలా ఉన్నాదో ఇయ్యాలా అలాగే ఉన్నాది."

"అలాగే ఉంటే తెర ఎందుకు ఎర్రబడింది?"

"తెర సంగతి నాకేటి తెలుస్తాదండి. సరుకు మాత్తరం బాగా వొస్తంది."

సరుకు బాగా వస్తోందన్న మాట మినిట్స్‌లో అవసరం లేదని చెప్పారు. నేను రాయలేదు.

ఆ సాయంత్రమే నా చేత సర్క్యులర్ టైపు చేయించారు. ఇకమీదట యూనిట్‌లో మార్పు నిషేధం. తెర ఎర్రబడిన ప్రతిసారీ నాలుగు పేజీల 'మార్పు వివరణ పత్రము' నింపాలి. కారణం గడి ఖాళీగా వదలరాదు. 'తెలియదు' అని రాయరాదు. తెర అయిదు నిమిషాలకోసారి చూస్తుంది, చూసినప్పుడల్లా ఎర్రబడుతుంది. లెక్క వేసుకోండి. పత్రాలు నింపడానికి షెడ్డులోంచి ఎనిమిది మందిని తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లు లేక ఉండల ఉత్పత్తి తగ్గింది. తగ్గడమూ మార్పే గదా, దానికీ పత్రాలు. వాటికి ఇంకో నలుగురు.

మొదట్లో అందరూ కారణం గడిలో 'ఎండ' అని రాశారు. 'వివరణలయందు వైవిధ్యము లోపించినది' అని హెడ్డాఫీసు మొట్టికాయ వేసింది. దాంతో ఎండ, గాలి, తేమ వంతులవారీగా రాయడం మొదలుపెట్టారు. విసుగెత్తిన ఒకాయన 'అమావాస్య' అని రాసేశాడు. ఆ పత్రం పైదాకా వెళ్లింది. 'చంద్రుని ప్రభావమును తగ్గించుటకు యూనిట్ స్థాయిలో తీసుకున్న చర్యలేమి?' అని జాబు వచ్చింది. దానికి సమాధానం తయారుచెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది. పగటిపూట ఉత్పత్తికి ప్రాధాన్యత ఇస్తున్నామని రాశాను.

కరుణాకరంగారికి ప్లాంటు ఎందుకు మారిందో అంతుపట్టక, చుట్టూ ఉన్నవన్నీ మారకుండా పట్టుకుంటే అదీ దారికొస్తుందని తోచింది. క్యాంటీన్‌లో సోమవారం ఇడ్లీ బదులు పెసరట్టు వేసినందుకు వంటమేస్త్రీకి మెమో ఇచ్చారు. మీసం తీసేసిన అటెండరుని, అది మళ్లీ వచ్చేదాకా సెలవులో ఉండమన్నారు. తాను మటుకు జుట్టుకి నెలకోసారి వేసే రంగు వారానికోసారి వేయించుకునేవారు. ఆదర్శం పైనుంచే రావాలి గదా.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ పోలినాయుడుగారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, నువ్వు మినిట్సు రాస్తావు గదా, నీకు సెప్తే పైవోల్లకి తెలుస్తాదని వొచ్చినాను. ఆ డెబ్బయ్యెనిమిది ఉత్తుత్తిదమ్మా."

"ఉత్తుత్తిదంటే?"

"పాత మీటరు ముల్లు ఇరిగిపోయి డెబ్బయ్యెనిమిది కాడ ఉండిపోనాది. ట్యాంకెట్టిన నాడే. కొత్త మీటరు కావాలని కాయితం ఎట్టినాను. మొన్నటిదాకా రాలేదు. మీటరు ఏటి సూపిస్తే అది రాయమన్నారు, రాసినాను."

"మరి ఏడూ తొమ్మిదీ ఎక్కణ్ణించి వచ్చాయి?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "రెండేళ్లు డెబ్బయ్యెనిమిదే రాసినానమ్మా. ఆడిటు బాబు వొచ్చి, అన్నీ ఒకటే ఉంటే అనుమానం కాదేటి, అని రాసి ఎల్లిపోనాడు. ఆ కాడ్నించి ఓ ఏడు, ఓ తొమ్మిది కలిపి రాస్తన్నాను. మిగతా షిఫ్టులోల్లంతా నా పేజీ సూసి ఎక్కిస్తారు."

"మే పద్నాలుగు?"

"అది నా పెల్లిరోజమ్మా," అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. జేబులోంచి అరచేతంత ఇత్తడి పలక తీసి నా బల్ల మీద పెట్టాడు. అసలు వేడి ఆయన చూసేది దానితోటట. ట్యాంకు దగ్గర కుళాయి తిప్పి ఒక్క చుక్క పలక మీద వేసి లెక్క పెడతాడు. పదకొండు అనేసరికి చుక్క తెల్లబడితే వేడి సరిపోయినట్టు. తొమ్మిదికే తెల్లబడితే ఆవిరి పెంచుతాడు, పదమూడు దాటితే తగ్గిస్తాడు. పందొమ్మిదేళ్లుగా షెడ్డుకి సరుకు ఒక్కరోజు కూడా ఆగలేదంటే కారణం ఆ పలకే.

"ఇప్పుడు పెద్దబాబు ట్యాంకుని డెబ్బయ్యెనిమిదికి దించీమంటన్నారట. ఎనభై కాడే ఈ సరుకు గడ్డకట్టీస్తాదమ్మా. పైపంతా రాయయిపోతాది. రోడ్డు కిందుంది అది. మల్లీ కరిగించడం ఎవుడి వల్లా కాదు. కొత్త పైపు ఏసేదెవరు? ఒక మీటరుకే పందొమ్మిదేళ్లు పట్టీసింది."

పైపు గడ్డకడితే ఫ్యాక్టరీ మూతే. రెండు వందల కుటుంబాలు, అందులో నాదీ ఒకటి.

"మీరు కమిటీలో చెప్పండి. కానీ నాయుడుగారూ, అబద్ధపు రికార్డు రాశారని మీ మీదికి వస్తుంది."

"వొస్తే వొస్తాది. పైపు పోతే మరేటుంటాది?"

కమిటీ గురువారం కూర్చుంది. కరుణాకరంగారు, డాక్టర్ నిరంజన్, ఇంకో ఇద్దరు తలలాడించేవాళ్లు. మూల బల్ల దగ్గర నేను.

"నాయుడూ, చెప్పదలుచుకున్నది క్లుప్తంగా, సంస్థ ప్రతిష్ఠకు భంగం కలగని రీతిలో చెప్పు."

పోలినాయుడుగారు చెప్పాడు. విరిగిన ముల్లు దగ్గర్నుంచి పెళ్లిరోజు దాకా ఒక్కటీ దాచలేదు. తన తప్పు తనమీదే వేసుకున్నాడు, తక్కిన షిఫ్టులవాళ్ల పేర్లు ఎత్తనేలేదు. వైశాఖ ఉష్ణ తరంగం సంగతి వచ్చినప్పుడు డాక్టర్ నిరంజన్ మొహం కందగడ్డయింది. దాని మీద అప్పటికే ఒక వ్యాసం పంపించి ఉన్నాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడతను. "దీన్ని మనం శాస్త్రీయంగా చూడాలి. ఈయన చెప్పింది ఒక్క స్టేట్‌మెంటు. ఇటు ఎనభై మూడు వేల రీడింగులున్నాయి. దేన్ని నమ్మాలి?"

"ఆటన్నిటికీ మూలం నానే గదండి!"

"కరెక్ట్. రాసిన మీరు పందొమ్మిదేళ్లు ఒకే మాట మీద నిలబడ్డారు. మాట్లాడుతున్న మీరు ఇవాళే మొదలుపెట్టారు. గణాంకాల ప్రకారం రాసిన మీరే నమ్మదగ్గ మనిషి."

తలలాడించేవాళ్లు ఆడించారు. పోలినాయుడుగారు నా వంక చూశాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి మీటింగులో నోరు విప్పాను.

"సార్, నాఫ్తలీన్ ఎనభై డిగ్రీల దగ్గర గడ్డకడుతుందని మన లైబ్రరీ పుస్తకంలో ఉంది. డెబ్భై ఎనిమిదిలో అసలు కరిగి ఉండదు."

"హైమావతీ, మినిట్స్ రాసేవారు మాట్లాడే పద్ధతి ఇంతకుముందు లేదు," అన్నారు కరుణాకరంగారు. "ఇది మార్పు కిందికి వస్తుందేమో చూడండి డాక్టర్."

డాక్టర్ నిరంజన్ చూడలేదు. అతని కళ్లు మెరుస్తున్నాయి. "మేడమ్ చాలా ముఖ్యమైన పాయింట్ చెప్పారు సార్! పుస్తకంలో ఎనభై. మన రికార్డులో పందొమ్మిదేళ్లుగా డెబ్భై ఎనిమిది దగ్గరే ద్రవంగా ప్రవహిస్తోంది. దీనర్థం ఏమిటి? మన నాఫ్తలీన్ లోకంలో ఉన్న నాఫ్తలీన్ కాదు!"

కరుణాకరంగారు లేచి నిలబడ్డారు. "పేటెంటు," అన్నారు మెల్లగా.

పేటెంటుకి దరఖాస్తు పెట్టాలని తీర్మానం రాశాను. తరవాత రెండో తీర్మానం. శాస్త్రం ప్రకారం, గుంపుతో కలవకుండా దూరంగా పడిన అంకెని తీసేస్తే తక్కిన లెక్క శుభ్రపడుతుందట. అందరూ డెబ్భై ఎనిమిది అంటుంటే ఒక్కడే కాదంటున్నాడు కాబట్టి పోలినాయుడుగారే ఆ దూరపు అంకె. ఆయన్ని ట్యాంకు నుంచి తీసేసి గెస్ట్‌హౌసు తోటపనికి వేశారు. 'సంస్థ రికార్డును అబద్ధమని చెప్పి దాని గౌరవమునకు హాని కలిగించినందుకు' విచారణ అన్నారు. మూడో తీర్మానం, రోజుకి రెండు డిగ్రీల చొప్పున దించుతూ వారంలో ట్యాంకుని పూర్వస్థితికి తేవాలి.

ఆ మూడూ నా చేత్తోనే రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు సాయంత్రం చార్జి అప్పగించడానికి పోలినాయుడుగారు ట్యాంకు దగ్గరికెళ్లాడు. పావుగంటలో తిరిగొచ్చి, నా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించి చెప్పాడు.

"కొత్త మీటరుని గూట్లోంచి నాలుగేల్లు పైకి లాగినానమ్మా. తడి గోనె సుట్టీసినాను. రోజుకి రెండు రెండు తగ్గినట్టు మరికాస్త మరికాస్త లాగమని మావోల్లకి సెప్పినాను. రెండు గంటలకోపాలి గోనె తడుపుతారు. ఆవిరి వాల్వు ఎవుడూ ముట్టుకోడు. పలక కూడా ఇచ్చీసినాను, లెక్కెట్టడం నేర్పినాను. ఇది మాత్తరం రాయకు తల్లీ."

రాయలేదు. నేను రాయకుండా వదిలేసిన నిజాలు బోలెడున్నాయి గానీ, ఇష్టపడి వదిలేసింది అదొక్కటే.

తెర రోజురోజుకీ దిగింది. తొంభై, ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు. ఎనభై దాటేటప్పుడు నేనూ షెడ్డువాళ్లూ తెలిసి కూడా ఊపిరి బిగపట్టాం. ఏడో రోజున డెబ్భై ఎనిమిది. తెర పచ్చబడింది. పైపులో సరుకు ఎప్పట్లాగే వేడివేడిగా పారుతోంది. కరుణాకరంగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. డాక్టర్ నిరంజన్ ఆయన్ని కావిలించుకున్నాడు. పన్నెండు మందీ పత్రాలు వదిలి అచ్చుల దగ్గరికి పోయారు. ఉత్పత్తి పెరిగింది. మంచి మార్పులు ఎర్రబడకుండా ఉండేందుకు తెరలో ఏదో సర్దుబాటు చేశారు.

అవార్డు వచ్చింది. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. తక్కిన రెండు యూనిట్లు కూడా డెబ్భై ఎనిమిదికి రావాలని హెడ్డాఫీసు నిర్ణయించింది, కాబట్టి మీరు అనుసరించిన విధానాన్ని దశలవారీగా రాసి పంపండి అని.

"మనం ఏం చేశాం హైమావతీ?" అన్నారు కరుణాకరంగారు నిజాయితీగా. ఆయనకి తెలీదు పాపం.

నేను రెండు యూనిట్ల పైపుల గురించి ఆలోచించాను. అక్కడా వందలమంది ఉన్నారు. వాళ్లకి పోలినాయుడు లేడు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పొద్దున్న వచ్చి ఉన్నదున్నట్టు రాసేశాను. కాకపోతే ఆఫీసు భాషలో రాశాను. "ఉష్ణమాపక పరికరమును దాని స్థానము నుండి నాలుగు అంగుళములు ఉద్ధరించి, జలసిక్త గోనె వస్త్రముచే ఆచ్ఛాదించవలెను. ప్రతి రెండు గంటలకు వస్త్రమును పునఃసిక్తము చేయవలెను. ఆవిరి వాల్వును స్పృశించరాదు."

కరుణాకరంగారు పైకి చదివారు. "భాష గంభీరంగా ఉంది," అని సంతకం పెట్టారు. హెడ్డాఫీసు యథాతథంగా ఆమోదించింది. ఒక్కో యూనిట్‌కి ఏడాదికి నూట నలభై నాలుగు గోనె వస్త్రాలు మంజూరు చేసింది. అక్కడి ఆపరేటర్లకి చదవగానే అర్థమైందట. ఒకాయన నాకు ఫోన్ చేసి, ఎవరు తల్లీ ఇది కనిపెట్టిన మహానుభావుడు, అని అడిగాడు. మూడు యూనిట్ల తెరలూ పచ్చగా ఉన్నాయి. మూడు పైపులూ బతికాయి.

కనిపెట్టిన మహానుభావుడు మటుకు గెస్ట్‌హౌసులో బంతిమొక్కలకి పాదులు చేస్తున్నాడు. ఆయన విచారణ అయిదు నెలలు నడిచింది. కిందటి వారం తీర్పొచ్చింది. రికార్డు రీడింగులు నిజమేనని మూడు యూనిట్ల అనుభవము నిరూపించినందున, అవి కల్పితమన్న ఉద్యోగి వాంగ్మూలమే కల్పితము. ముప్పై రెండేళ్ల సేవలో ఇది మొదటి అబద్ధమైనందున కనికరించి, హెచ్చరికతో సరిపెట్టడమైనది. 'నేను కమిటీ ముందు అబద్ధమాడితిని' అని ఉద్యోగి తన చేత్తో రాసి సంతకం చేయవలెను.

ఆ కాగితం ఆయన చేత రాయించే పని నాకు అప్పగించారు.

పోలినాయుడుగారు చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. నేను చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమన్నాడు.

"ఎట్టకపోతే ఏటవుతాది?"

"రీడింగులు వివాదంలో ఉన్నట్టు లెక్క నాయుడుగారూ. మళ్లీ విచారణ. అది తేలేదాకా ట్యాంకుకి ఆవిరి ఆపెయ్యాలని తీర్పుతోపాటే కొత్త రూలొచ్చింది."

"ఎన్నాల్లు?"

"ఏడాది పట్టొచ్చు."

"ఒక్క పూటకే రాయయిపోతాదమ్మా అది."

"తెలుసు."

కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నా ఎదురుగా కూర్చోవడం అదే మొదలు. కలం తీసుకుని కాగితం మీద ఆనించాడు.

"ఇన్నేల్లు లేనిది రాసినాను, ఏనాడూ కలం ఆగలేదు. ఇప్పుడు సూడు, ఇది కదలనంటంది," అన్నాడు.

ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తాను అబద్ధమాడినట్టు రాసి, కింద తన పేరు పూర్తిగా రాశాడు. లేచి, మొక్కలకి నీళ్లు పెట్టాలని చెప్పి వెళ్లిపోయాడు.

కాగితం అడుగున సాక్షి అని ఒక గీత ఉంది. అక్కడ నేను సంతకం పెట్టాను. ఏం చూశానో రాయడానికి చోటు ఇవ్వలేదు.